వరద తీసినా గట్టు దిగనివాళ్ళు

రోహిణి కార్తెలో రాజమండ్రిలో ఫ్యాను ఆపమని అడిగిన మనిషిని నా సర్వీసు మొత్తంలో ఒక్కరినే చూశాను.

మా ఫిజియోథెరపీ గదిలో ఉన్నవి రెండు ఫ్యాన్లు. ఒకటి తిరిగేది, రెండోది తిరుగుతుందని మేం నమ్మేది. తిరిగే ఫ్యాను కింద బల్ల కోసం పేషెంట్లు పొద్దున్నే వచ్చి, గుమ్మం ముందు చెప్పులు వరసలో వదిలి, టీ తాగడానికి వెళ్ళేవారు. ఎవరి చెప్పులు ముందుంటే వాళ్ళదే ఆ బల్ల. అలా సంపాదించుకున్న బల్ల దగ్గరికి వచ్చి, కుడిచేతిని ఎడమచేత్తో నిద్రపోతున్న పసిపిల్లను మోసినట్టు మోస్తూ నిలబడి, ఆవిడ నెమ్మదిగా అంది:

"మేష్టారూ, తమరేమీ అనుకోపోతే ఆ ఫ్యాను కాస్త ఆపుతారాండీ?"

గదిలో ఉన్న నడుం నొప్పులూ మోకాళ్ళ నొప్పులూ మెడ నొప్పులూ అన్నీ ఒక్కసారి తలతిప్పి చూశాయి. మెడ నొప్పులు తిప్పకూడదు. అయినా తిప్పాయి.

మేష్టారు అన్నది నన్నే. తెల్లకోటు వేసుకున్నా, మెడలో స్టెతస్కోపు లేకపోవడం వల్ల నన్ను డాక్టరు అనడానికి జనానికి మనసొప్పేది కాదు. వాళ్ళ చేత చేతులెత్తించి దింపిస్తాను కాబట్టి డ్రిల్లు మేష్టారుకి దగ్గరగా ఉన్నానని తీర్మానించుకున్నారు. నేనూ సర్దుకున్నాను. ఉద్యోగం చేసినంతకాలం కష్టపడి ఎదుటివాళ్ళను కష్టపెట్టాను. అంతకంటే మేష్టారు లక్షణం ఏముంటుంది?

ఈ మధ్యే చదువు ముగించి మా వృత్తిలోకి వస్తున్న పిల్లలు, "మీ అనుభవంలో గొప్ప కేసు ఒకటి చెప్పండి సార్" అంటుంటారు. బాబూ, అమ్మా, గొప్ప కేసులు గొప్పవాళ్ళ దగ్గరికి వెళ్ళాయి. నా వాటాకు వచ్చింది ఈ చెయ్యి. దీని గురించి నా గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. గుండె గుప్పెట్లో పెట్టుకోవడం, తర్వాత హమ్మయ్య అనుకోవడం, ఇవే నేను చేసినవి.

ఆవిడది ఆత్రేయపురం పక్కన ఊరు. పూతరేకులు తీస్తుంది. బోర్లించిన కుండ కింద మంట, కుండ మీద బియ్యప్పిండి పాలలో ముంచిన పల్చటి గుడ్డ, ఒక్క ఊపులో లాగితే పొర. ఆ పొరను చిరగకుండా ఎత్తడానికి వేళ్ళకు కావలసింది బలం కాదు, మర్యాద. రెండు నెలల కిందట కాలుతున్న కుండ పగిలి, పెంకు ఎగిరి, కుడి మణికట్టు మీద బొటనవేలి వైపు కోసుకుపోయింది. ఊళ్ళోనే కుట్లు వేయించుకున్నారు. గాయం చక్కగా మానింది. చెయ్యే మానలేదు.

చెయ్యి వాచింది. ఎర్రబడింది. ముట్టుకుంటే జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా వేడి. చర్మం మెరుస్తూ, ఆ చేతికి మాత్రమే చెమట. చీర చెంగు తగిలినా, ఈగ వాలినా నిప్పు పెట్టినట్టే. గోళ్ళు తీయనివ్వదు. మాత్రలు మార్చి మార్చి వేశారు, సూదులు పొడిచారు, తగ్గలేదు. చివరికి మా ఆసుపత్రికి వచ్చింది. మా ఎముకల సర్జన్‌గారు చూసి, లోపల లోతుగా చీము పట్టిందని అనుమానించి, మర్నాటికి ఆపరేషను రాశారు. నాకు పంపిన చీటీలో ఒకటే ముక్క: వాపు తగ్గేలా ఐసు పెట్టి పంపండి.

"ఐసు పెట్టేశామండి," అన్నాడు వెనకాల నిలబడ్డ ఆవిడ భర్త, పొడుగాటి మనిషి. "చేపల బండోడి దగ్గర తెచ్చి రోజూ పెడతన్నామండి. మా వైపు అందరూ చెప్పేది అదేగదండీ. పొయ్యి వేడి చేతిలోకి దిగిందని. రేకు గుడ్డే తడిపి చుట్టి, కదపకుండా పడుకోబెట్టాం."

"మనిషినా?"

"చేతినండి. మనిషి పడుకుని ఎన్నాళ్ళయిందో."

ఇది ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన వైద్యం. రోజంతా మంట దగ్గర కూర్చునేవాళ్ళు వాళ్ళు. చేతికి ఏమొచ్చినా తడిగుడ్డ చుట్టి చల్లబరచడం అత్తల నుంచి కోడళ్ళకు వచ్చిన అలవాటు. కాలిన చేతికి అది పనిచేస్తుంది కూడా. ఈవిడకు కాలలేదు, తెగింది. ఇరుగుపొరుగు చూడటానికి వచ్చినప్పుడు అందరూ అరటిపళ్ళు తెస్తారు. ఈవిడ కోసం ఐసుముక్కలు తెచ్చారట. ప్రేమగా తెచ్చింది కాదనలేక చెయ్యి అందులో ముంచేదట. కాసేపు మొద్దుబారేది. తర్వాత రెట్టింపు మంట.

ఫ్యాను ఆపి, దూదిని వెంట్రుకంత పీకి, ఆ చేతి వెనక అలా తాకించాను. ఆవిడ అరవలేదు. కళ్ళ వెంట నీళ్ళు మాత్రం జలజలా కారాయి. గాయం ఉన్న చోటుకు దూరంగా, చిటికెన వేలి వైపు తాకించినా అంతే. జ్వరం లేదు. నాలిక తడిగా ఉంది, ఆకలి బాగానే ఉందిట. ఇంత కోపంగా ఉన్న చెయ్యి, ఇంత శాంతంగా ఉన్న మనిషి. రెండూ పొసగలేదు. ఇలాంటి చేతులు అంతకు ముందు నా దగ్గరికి వచ్చినవి ఉన్నాయి, కానీ అన్నీ ఆలస్యంగా, కొయ్యబారిపోయి, ఇక చేసేదేమీ లేదన్న దశలో. వేడిగా, ఎర్రగా, ఇంకా వెనక్కి తిరగగల దశలో చూడటం అదే మొదలు. ఐసు డబ్బా మూత పెట్టించి, నరాల డాక్టరమ్మకు ఫోను చేశాను.

ఆవిడ మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన పిల్ల. పిల్ల అనకూడదు, నాకు పై అధికారి. కానీ కోటు జేబులో ఎప్పుడూ వేయించిన సెనగలుండేవి, నడక చూస్తే బస్సు తప్పిపోతోందేమో అనిపించేది. వచ్చి, ముట్టుకోకుండా చాలాసేపు చూసింది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చూసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇది చీము కాదేమోనండీ," అంది. "నరం."

"నరం తెగింది ఇక్కడ గదండీ," అన్నాడు భర్త తన మణికట్టు చూపిస్తూ. "చెయ్యంతా ఎందుకు వాస్తాదండీ?"

"నరానికి దెబ్బ తగిలితే ఒళ్ళు ఊరుకోదండి. రక్తంలోంచి కాపలా కణాలు అక్కడికి పరుగెత్తుకొస్తాయి. తెగి చెడిపోయిన ముక్కల్ని ఏరేసి శుభ్రం చేస్తాయి. ఆ పనిలో కొన్ని రసాయనాలు వదుల్తాయి. ఎరుపూ వేడీ వాపూ వాటివల్లే. అది మంచికే. ఆ శుభ్రం జరిగితేనే నరం మళ్ళీ మొలుస్తుంది. పనయ్యాక అవి వెళ్ళిపోవాలి. కొందరికి ఎందుకో వెళ్ళవు. అవి వదిలే వాటికి నరం రెచ్చిపోతుంది. రెచ్చిన నరం తన కొసల్లోంచి తానే ఇంకొంత వాపు పుట్టిస్తుంది. పక్కనున్న మంచి నరాలు కూడా కలవరపడతాయి. ఆ గోల వెన్నుపాము దాకా పోతుంది. అక్కడ నరాలకు తోడుగా ఉండే కణాలున్నాయి. మామూలుగా వాటి పని అవి చూసుకుంటాయి. ఈ గోలకి అవీ లేస్తాయి. ఇక కింద నుంచి చిన్న మాట వచ్చినా దాన్ని పెద్ద కేక చేసి మెదడుకి పంపుతాయి. అందుకే ఫ్యాను గాలి కూడా నిప్పులా ఉంది మీకు."

భర్త అందుకున్నాడు. "అంటే వరద తీసేసినా మావోళ్ళు ఇంకా గట్టు దిగలేదంటారు."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. అతను ఏటిగట్టు మీద లస్కరుగా పనిచేశాడట. గోదారి పొంగినప్పుడు గట్టు వెంట తిరిగి ఎక్కడ నీరు ఊరుతోందో చూసి కబురు పెట్టే ఉద్యోగం.

"ఓ ఏడు గట్టు కొంచెం జారిందండి. ఊళ్ళోవాళ్ళందరూ ఇసక బస్తాలు పట్టుకుని ఎక్కేశారు, పూడ్చేశారు. వరద తీసేసింది. అయినా దిగరండీ! గేదె నీళ్ళలో దిగితే 'గండీ!' అని ఓ కేక. ఆ కేకకి పక్కూరోళ్ళు లేచి ఇంకో పెద్ద కేక. వేసిన బస్తాల మీదే మళ్ళీ బస్తాలు. ఆ బరువుకి గట్టు ఇంకోచోట కుంగిందండి."

"అదేనండి!" అని డాక్టరమ్మ స్టూలు మీంచి లేచినంత పనిచేసింది. "నేను ఇంతసేపు చెప్పింది అదే."

"మరి దింపేదెలాగండీ వాళ్ళని?"

"రెండు పనులు. ఒకటి మందు. కాపలావాళ్ళను కాస్త వెనక్కి పంపే మందు. ఇంకోటి మేష్టారిది. అక్కడేమీ జరగడం లేదని ఆ చేతికి రోజూ కొంచెం కొంచెం నమ్మకం కలిగించాలి."

"బాగుందండి," అన్నాడతను. "కానీ నిజంగానే వరద ఉంటే? అప్పుడు కాపలా దింపేస్తే?"

డాక్టరమ్మ సెనగల జేబులో చెయ్యి పెట్టి, తీయకుండా ఆగింది. "అప్పుడు గండే," అంది.

అదీ సంగతి. స్టిరాయిడు అనే ఆ మందు వాపుని అణుస్తుంది. చీము ఉన్న చేతిలో వేస్తే చీముకి తలుపు తీసిపెట్టినట్టే. ఇటు కోస్తే, చీము లేకపోతే, రెచ్చిపోయి ఉన్న నరానికి ఇంకో గాయం చూపించినట్టు. ఏది తప్పయినా ఆ చెయ్యి ఇక కుండ దగ్గరికి పోదు.

ఇద్దరం సర్జన్‌గారి గదికి వెళ్ళాం. ఆయన కోపిష్టి అని పేరు. కోపం ఉన్న మాట నిజం, కానీ దాన్ని పేషెంట్ల మీద ఎప్పుడూ చూపించలేదు. మా మీదే, అదీ వాళ్ళ కోసం. మేం చెప్పింది విని కళ్ళద్దాలు తీశారు.

"ఒకసారి ఇలాగే ఆగాను. భీమవరం వైపు రొయ్యల చెరువులో పనిచేసే మనిషి. ముల్లు గుచ్చుకుంది. వాపేగా, చూద్దాం అన్నాను. ఇప్పుడాయన ఎడంచేత్తో అన్నం తింటున్నాడు. మీరిద్దరూ వచ్చి నరం అంటున్నారు. కాకపోతే?"

"రక్తంలో ఏమీ లేదు సార్," అంది డాక్టరమ్మ. "జ్వరం లేదు. స్కానింగులో వాపుంది గానీ ఎక్కడా చీము నిలవలేదు."

"అప్పుడూ మొదట్లో లేదమ్మా." నా వైపు తిరిగారు. "మీరేంటి మేష్టారూ, రిటైర్మెంటు దగ్గరపడ్డాక ఫ్యాను చూసి డయాగ్నోసిస్ చేస్తున్నారట?"

"తిరిగేది ఒక్కటే సార్, దాన్నీ ఆపమంది," అన్నాను. నాకు భయమేస్తే హాస్యం వస్తుంది. ఇది జబ్బే.

ఆయన నవ్వలేదు గానీ లేచారు. ముగ్గురం మా గదికి వచ్చాం. ఆవిడ ముందు నిలబడి, "చూడమ్మా, మా ఇద్దరికీ ఒకే మాట కుదరలేదు," అని ఉన్నదున్నట్టు చెప్పారు. అంత పెద్ద సర్జను ఆ మాట పేషెంటుతో అనడం నేను అంతకుముందు వినలేదు.

ఆవిడ అంతా విని, "కోస్తే నేను మళ్ళీ రేకు తీయగలనాండీ?" అని అడిగింది.

"చెప్పలేనమ్మా."

"కొయ్యకపోతే?" అని డాక్టరమ్మ వైపు చూసింది.

"నేనూ చెప్పలేనండి. ఆశ మాత్రం ఉంది."

"ఇద్దరూ చెప్పలేనప్పుడు కత్తి లేని దారే చూద్దారండి. అది ఎటూ పక్కనే ఉంటాదిగా."

సర్జన్‌గారు ఆపరేషనును వారం చివరికి వెనక్కి జరిపారు. కొట్టెయ్యలేదు, జరిపారు. "జ్వరం వచ్చినా, ఎరుపు మోచేతి వైపు వేలెడు ఎక్కినా మిమ్మల్నెవర్నీ అడగను. టేబుల్ ఎక్కించేస్తాను," అన్నారు. డాక్టరమ్మ ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టింది. ఎరుపు ఎక్కడిదాకా ఉందో సర్జన్‌గారు పెన్నుతో గీత గీశారు. ఆ గీత కూడా తాకకుండా గీయాలని ఆయన పడిన అవస్థ చూడాల్సిందే.

ఆ రోజుల్లో ఆడవాళ్ళ వార్డులో నాకు లేని పనులు చాలా పుట్టుకొచ్చాయి. ఊతకర్ర ఒకటి మర్చిపోయానని వెళ్ళేవాణ్ణి. ఎవరికో వ్యాయామం చెప్పాలని వెళ్ళేవాణ్ణి. ఒకసారి వెళితే అక్కడ సర్జన్‌గారున్నారు, ఎప్పుడో డిశ్చార్జి అయిపోయిన పేషెంటు కోసం వచ్చానంటూ. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని, ఇద్దరం ఆ గీత వైపు చూసి, ఎవరి దారిన వాళ్ళం వచ్చాం. ఇంట్లో మా ఆవిడ, "అన్నం ముందు కూర్చుని ఆ చెయ్యేంటండీ అలా చూసుకుంటున్నారు?" అంది. నా కుడిచేతిని నేనే చూసుకుంటున్నానని అప్పుడు తెలిసింది.

ఆ శుక్రవారం పొద్దున్న నేను వెళ్ళేసరికి డాక్టరమ్మ మంచం పక్కన వంగి ఉంది. ఏమైందోనని గుమ్మంలోంచే తొంగిచూశాను.

"మేష్టారూ, ఇలా రండి. ఇది చూడండి."

వేలి కణుపుల మీద సన్నగా, కొత్తగా, గీతలు. ముడతలు! బూరెలా ఉన్న చేతికి ముడతలు పడ్డాయి. చేతి ఎరుపు ఆ పెన్ను గీతను వదిలేసి కిందికి దిగింది. కాసేపటికి సర్జన్‌గారు వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఒక ఆడమనిషి ముడతలు చూసి ముగ్గురు చదువుకున్నవాళ్ళు అంత సంతోషించడం ప్రపంచంలో ఎక్కడా జరిగి ఉండదు. "ఆపరేషను మానేసి ఇంత ఆనందపడతానని నేననుకోలేదు," అంటూ ఆయన జేబులోంచి పెన్ను తీసి ఆవిడ పేరు కొట్టేశారు. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టారు. ఆ భుజం నాకు అప్పటికే నొప్పి. చెప్పలేదు.

పిల్లలూ, ఇక్కడ ఒక మాట. వాచిన చేతులన్నీ ఇదేనని మాత్రం అనుకోకండి. వాచి, ఎర్రగా వచ్చిన చేతుల్లో ఎక్కువ భాగం చీము పట్టినవే, సర్జన్‌గారి భయమే ఎక్కువసార్లు నిజం. పుస్తకంలో పేరు దొరికిందన్న సంబరంలో జ్వరం చూడటం మర్చిపోకండి. మేం నెగ్గింది తెలివితో కాదు. అనుమానం ఉన్న ముగ్గురం ఒకరినొకరం కాపలా కాసుకున్నాం, అంతే.

తర్వాత నా వంతు. ఐసు బందు, తడిగుడ్డ బందు. దూదితో మొదలు, తర్వాత పట్టుగుడ్డ, నూలుగుడ్డ, ఆ తర్వాత తువ్వాలు. పళ్ళెంలో బియ్యం పోసి అందులో వేళ్ళు తిప్పడం. ఓర్చుకోగలిగినంత వరకే, ఏడిపించకుండా. ఏడిస్తే గట్టు మీదవాళ్ళు మళ్ళీ లేస్తారు. భర్త పక్కనే నిలబడి అజమాయిషీ.

"మేష్టారు చెప్పినట్టు తిప్పవే. బియ్యమేగా, బాణాలా?"

"నీకేం, గట్టు మీద నిలబడి కేకలేసే ఉద్యోగం చేశావు. దిగి తిప్పి చూడు తెలుస్తాది."

వాపు పోయింది, వేడి పోయింది. వానలు పడేసరికి తువ్వాలు దాకా వచ్చాం. అక్కడ బండి ఆగిపోయింది. నేను చెయ్యమంటే చేతిని కదిపేది. నేను అటు తిరిగితే అది ఒళ్ళో చేరి పడుకునేది. గ్లాసు ఎడమచేత్తోనే, జుట్టు ఎడమచేత్తోనే. ఆ కుడిచెయ్యి ఆవిడ ఇంట్లో చుట్టం లాగా ఉండేది, చెప్తే గానీ ఏ పనీ ముట్టుకోదు. నరం చల్లబడింది, మనిషికి ఆ చేతి మీద నమ్మకం రాలేదు. అది లేకపోతే రేకు రాదు. నా రిటైర్మెంటు దగ్గరికి వచ్చేస్తోంది. నాకు తెలిసిన చిట్కాలన్నీ అయిపోయాయి, తెలియనివి కూడా ప్రయత్నించాను.

ఒకరోజు గది నిండా జనం. ఫ్యాను తిరుగుతోంది, ఇప్పుడావిడ దాని కిందే కూర్చుని బియ్యంలో చెయ్యి తిప్పుతోంది. భర్త మా మెడ నొప్పుల వాళ్ళను పోగుచేసి కబుర్లు చెప్తున్నాడు.

"ఈవిడ ఆసుపత్రి పాలయ్యాక రేకులు నేనే తీస్తన్నానండి. ఏదో పెద్ద విద్యనుకుంటారు గానీ, ఏముందండీ అందులో? గుడ్డ వెయ్యడం, లాగడం. పదోరోజుకి నాకూ వచ్చేసింది. ఈవిడ తీసినదానికీ నేను తీసినదానికీ తేడా—"

ఫెడీమని చప్పుడు.

ఆవిడ లేచి, అతని వీపు మీద చరిచింది. బియ్యం గింజలు గదంతా చెల్లాచెదురు. చరిచింది కుడిచేత్తో.

ఆవిడ చెయ్యి గాల్లోనే ఉంది. దాన్ని ఎవరిదో అన్నట్టు చూస్తోంది. తువ్వాలు తగిలితేనే పళ్ళు బిగించే చెయ్యి, ఇప్పుడు ఆ దెబ్బకి ఏమవుతుందోనని నా భయం.

"మంట పుడతందండీ," అన్నాడు భర్త మెల్లగా.

నేను పరుగెత్తాను. "ఎక్కడమ్మా? మణికట్టు దగ్గరేనా?"

"ఆవిడక్కాదండీ మేష్టారూ. నాకు. వీపు మీద."

గదంతా గొల్లున నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. వేళ్ళు ముడిచింది, విప్పింది. బొటనవేలి వెనక కాస్త చోట తిమ్మిరి మిగిలిపోయింది, అది ఇక పోదని డాక్టరమ్మ తర్వాత తేల్చింది. కానీ మంట లేదు. ఆవిడ బల్ల అంచు మీద వేలి కణుపులతో కొట్టింది, టకటకా, మళ్ళీ ఇంకోసారి గట్టిగా, చెవి పెట్టి వింటూ.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాను.

"కుండ కొనేటప్పుడు ఇలా మోగించి చూడాలండి. పగులుంటే చప్పుడులో తెలిసిపోతాది," అంది. తర్వాత వీపు రుద్దుకుంటున్న భర్త వైపు తిరిగింది. "పద. పోయేటప్పుడు కుమ్మరోళ్ళింటి మీదుగా పోదాం. ఈసారి నేనే చూసి తెస్తాను."